వ్యాపారం నేర్పే కాలేజీ: బాబ్సన్‌కి పంపాలా, అహ్మదాబాద్ సరిపోతుందా, హైదరాబాద్‌లోనే మొదలుపెట్టాలా?

ఆంత్రప్రెన్యూర్‌షిప్ (సొంత వ్యాపారం పెట్టి నడపడం) చదువు అనగానే ముందు వినిపించే పేరు బాబ్సన్ కాలేజీ. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్‌కి పడమర పక్కన వెల్స్‌లీ అనే చిన్న ఊళ్లో ఉంది. ప్రైవేటు కాలేజీ. డిగ్రీ విద్యార్థులు మూడు వేల లోపే. ఇంజనీరింగ్ లేదు, మెడిసిన్ లేదు, లా లేదు. అందరూ చదివేది వ్యాపారమే. ఈ ఒక్క సబ్జెక్టులో యూఎస్ న్యూస్ ర్యాంకుల్లో పాతికేళ్లకు పైగా మొదటి స్థానం దానిదే. వాల్ స్ట్రీట్ జర్నల్ 2025 జాబితాలో అమెరికా కాలేజీలన్నిటిలోనూ ప్రిన్స్‌టన్ తర్వాత రెండో స్థానం దక్కింది. కన్సల్టెన్సీ బ్రోషర్‌కి ఈ రెండు ముక్కలు చాలు.

మనవాళ్లకి మాత్రం ఇవి చాలవు. ఏ కాలేజీ అన్నది తేలాలంటే ముందు రెండు ప్రశ్నలకి జవాబు కావాలి. చదువు అయిపోయిన రోజున మీ పిల్లలకి ఏ దేశంలో సొంతంగా వ్యాపారం చేసుకునే హక్కు ఉంటుంది? ఆ రోజున నెలకి ఎంత ఈఎంఐ కట్టాలి? సిలబస్, ర్యాంకు, క్యాంపస్ ఫొటోలు ఆ తర్వాత.

ముందు ఈఎంఐ లెక్క

బాబ్సన్‌లో డిగ్రీకి ఫీజు, హాస్టల్, భోజనం, ఇన్సూరెన్స్ కలిపి ఏడాదికి 80,000 డాలర్లు దాటుతుంది. ఫీజు ఏటా కొంత పెరుగుతుంది కూడా. పెరగదనే అనుకున్నా నాలుగేళ్లకి 3.2 లక్షల డాలర్లు. డాలరు 88 రూపాయలనుకుంటే 2.8 కోట్లు.

అందులో 1 కోటి అప్పు తెచ్చారనుకుందాం. 10 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అయితే ఈఎంఐ 1,32,151 రూపాయలు. చదువుతున్నంత కాలం వడ్డీ కట్టకుండా వదిలేస్తే అసలు పెరుగుతుంది, ఈఎంఐ ఇంకా పైకి పోతుంది. అదే అప్పు 30 లక్షలైతే ఈఎంఐ దాదాపు 39,600.

సొంత వ్యాపారంలో మొదటి రెండేళ్లు ఫౌండర్ జీతం తీసుకోగలిగితే అదే గొప్ప. నెలకి లక్షా ముప్పై వేలు బ్యాంకుకి కట్టాల్సిన కుర్రాడు ఏం చేస్తాడు? ఉద్యోగంలో చేరతాడు. అప్పు తీరేసరికి ముప్పై దాటతాయి, వ్యాపారం ఆలోచన అటకెక్కుతుంది. వ్యాపారం నేర్పే చదువుకి ఇంత అప్పు చేస్తే ఆ చదువే వ్యాపారానికి అడ్డం పడుతుంది. సాఫ్ట్‌వేర్ చదువుకి ఈ చిక్కు లేదు. అక్కడ ఉద్యోగమే లక్ష్యం, అప్పు తీర్చేదీ అదే.

కాబట్టి మా కొండగుర్తు ఇది: మారటోరియం (ఈఎంఐ కట్టనక్కర్లేని మొదటి గడువు) ముగిశాక వచ్చే ఈఎంఐని, వ్యాపారం నుంచి రూపాయి రాకపోయినా ఇంట్లోవాళ్లు రెండేళ్లు కట్టగలగాలి. లేదంటే ఆ కాలేజీ ఎంత మంచిదైనా మీ బడ్జెట్‌లో లేనట్టే. మారటోరియం సాధారణంగా కోర్సు కాలం, దానిపైన ఆరు నెలలు లేదా ఏడాది. డబ్బు పంపేటప్పుడు ఇంకో సంగతి చూసుకోండి: సొంత డబ్బు పంపితే ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు ముందుగానే పట్టుకునే పన్ను (టీసీఎస్) పడుతుంది, గుర్తింపు ఉన్న బ్యాంకు విద్యారుణం నుంచి పంపితే పడదు. టీసీఎస్ రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ, అప్పటిదాకా ఆ సొమ్ము మీ చేతిలో ఉండదు.

బాబ్సన్‌లో నిజంగా ఏం నేర్పుతారు

1919లో రోజర్ బాబ్సన్ దీన్ని పెట్టాడు. షేర్ మార్కెట్ గణాంకాలు అమ్ముకుని బతికిన మనిషి. 1929 సెప్టెంబరులో మార్కెట్ కూలుతుందని ముందే హెచ్చరించిన వాళ్లలో ఒకడు. మొదట్లో అక్కడ విద్యార్థులు ఆఫీసు వేళలు పాటించాలి, వచ్చినప్పుడూ వెళ్లినప్పుడూ గడియారం యంత్రంలో కార్డు గుద్దాలి. ఒక్కొక్కరికి టెలిఫోను, టైపు మిషను, లెక్కల యంత్రం ఉన్న బల్ల ఇచ్చేవారు. అంటే మొదట్లో అది మేనేజర్లని తయారుచేసే చోటు. ఆంత్రప్రెన్యూర్‌షిప్ ముద్ర 1970ల తర్వాత పడింది. పేరు 1969లో బాబ్సన్ కాలేజీ అయింది. హోమ్ డిపో స్థాపకుల్లో ఒకరైన ఆర్థర్ బ్లాంక్ ఇక్కడ చదివినవాడే. 2019లో ఆయన ఫౌండేషన్ 5 కోట్ల డాలర్లు ఇచ్చింది. టొయోటా అధిపతి అకియో టొయోడా ఇక్కడే ఎంబీఏ చేశాడు. ఈయన పేరు గుర్తుపెట్టుకోండి: కుటుంబ వ్యాపారం అందుకోబోయే వారసులు ఈ కాలేజీలో ఎప్పుడూ ఎక్కువే.

డిగ్రీలో అసలు సరుకు మొదటి ఏడాదిలోనే ఉంది. ఎఫ్ఎంఈ అనే ఏడాది పొడవు కోర్సు. విద్యార్థులు జట్లుగా ఏర్పడి నిజం వ్యాపారం పెట్టాలి. పెట్టుబడి కాలేజీయే అప్పుగా ఇస్తుంది, వేల డాలర్లలో. ఏడాది చివర అప్పు తిరిగి కట్టి, కంపెనీ మూసేసి, మిగిలిన లాభం సేవాసంస్థకి ఇచ్చేయాలి.

ఇది ఏం నేర్పుతుందో, ఏం నేర్పదో ఒక లెక్కలో చూద్దాం. ఉదాహరణకి ఒక జట్టు స్టీలు నీళ్ల సీసాలు అమ్ముదామనుకుంది. 400 సీసాలు, ఒక్కోటి 7 డాలర్లు: 2,800. రవాణా, కస్టమ్స్ 700. శాంపిళ్లకి 300. మొత్తం 3,800. ఒక్కోటి 22కి అమ్మితే 8,800 వస్తుందని స్లైడులో చూపించారు. క్రిస్మస్ సెలవుల లోపు 150 పోయాయి, 3,300 వచ్చింది. జనవరిలో అమ్మకాలు ఆగిపోయాయి. ఎందుకంటే ఆ 150 కొన్నది హాస్టల్ మిత్రులు, తల్లిదండ్రులు, చిన్నాన్నలు. గదిలో 250 సీసాలు. ధర 12కి దించి మరో 200 వదిలించుకుంటే 2,400. కార్డు చార్జీలు 3 శాతం పోను చేతికి 5,529. ఖర్చు తీసేస్తే 1,729 లాభం, గోడవార 50 సీసాలు.

కాగితం మీద లాభమే. కాని పందొమ్మిదేళ్లకే మూడు విషయాలు ఒంటబడతాయి: తెలిసినవాళ్లు కొనడం గిరాకీ కాదు, కనీస ఆర్డర్ అనేది సరఫరాదారుడికి అనుకూలమైన సంఖ్య, డిస్కౌంట్ ముందు లాభాన్ని తింటుంది. జట్టులో పని ఎగ్గొట్టేవాడితో ఎలా వేగాలన్నది నాలుగోది, బహుశా అన్నిటికంటే పనికొచ్చేది.

నేర్పనిది ఒకటుంది, మనకి అది ముఖ్యం. పై లెక్కలో కొన్నవాళ్లంతా కార్డు గీకి అప్పటికప్పుడు డబ్బిచ్చారు. జీడిమెట్లలో విడిభాగాలు చేసేవాడికో, గుంటూరులో మిర్చి పొడి ప్యాకెట్లు సరఫరా చేసేవాడికో అలా రాదు. సరుకు ఇచ్చాక రెండు మూడు నెలల అరువు. చిన్న పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో బాకీ తీర్చాలి. అడిగితే వచ్చే ఆర్డర్ పోతుందని ఎవరూ అడగరు. జీఎస్టీ మాత్రం డబ్బు రాకపోయినా బిల్లు వేసిన మరుసటి నెలలో కట్టాలి. మన దగ్గర లాభంలో ఉండి కూడా మూతపడే వ్యాపారాలు ఈ సందులోనే పడతాయి. వెల్స్‌లీ క్లాసుగదిలో ఈ సందు కనబడదు.

ఇంకో లోటు: బాబ్సన్‌లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చేయలేరు. ఆలోచన టెక్నాలజీదైతే కోడ్ రాసే భాగస్వామిని బయట వెతుక్కోవాలి. పక్కనే ఓలిన్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, అక్కడా వెల్స్‌లీ కాలేజీలోనూ కొన్ని కోర్సులు తీసుకోవచ్చు. కాని ఓలిన్ చాలా చిన్నది, అందరికీ అందరూ దొరకరు. వస్తువులు, ఆహారం, దుస్తులు, రిటైల్, హోటళ్లు, రియల్ ఎస్టేట్ వైపు మొగ్గు ఉన్నవాళ్లకి బాబ్సన్ నప్పుతుంది. ఏఐ, చిప్‌లు, బయోటెక్ అనే వాళ్లకి మంచి ఇంజనీరింగ్ సీటు, దాని పక్కన ఆంత్రప్రెన్యూర్‌షిప్ మైనరే (అదనపు చిన్న సబ్జెక్టు) మేలు.

ర్యాంకు మీద ఒక మాట. యూఎస్ న్యూస్ సబ్జెక్టువారీ ర్యాంకులు వేరే బిజినెస్ స్కూళ్ల డీన్లు, సీనియర్ ప్రొఫెసర్ల అభిప్రాయాన్ని బట్టి ఇస్తారు. అంటే తోటి పండితుల్లో పేరు. పట్టా తీసుకున్నవాళ్లలో ఎందరి వ్యాపారాలు ఐదేళ్లు నిలిచాయన్నది ఆ ర్యాంకు చెప్పదు.

ఎఫ్-1 వీసా మీద వెళ్లేవాళ్లు ఇది రెండుసార్లు చదవండి

క్లాసులో భాగంగా జరిగే ఎఫ్ఎంఈ వ్యాపారంతో వీసా సమస్య ఉండదు. జీతం లేదు, లాభం విద్యార్థికి రాదు. సొంత కంపెనీ వేరు. ఎఫ్-1 మీద ఉండి డెలావేర్‌లో కంపెనీ రిజిస్టర్ చేయొచ్చు, వాటా పెట్టి కూర్చోవచ్చు. రోజూ కూర్చుని అందులో పని చేస్తే మాత్రం, జీతం తీసుకోకపోయినా, అనుమతి లేని ఉద్యోగం కింద పడే ప్రమాదం ఉంది. "జీతం తీసుకోవట్లేదు కదా, ఏం కాదు" అన్న మాటే చాలామందిని ముంచుతుంది. అనుమతి అంటే సీపీటీ (కోర్సులో భాగమైన పనికి ఇచ్చేది) లేదా ఓపీటీ (డిగ్రీకి సంబంధించిన పనికి ఇచ్చేది). కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని (డీఎస్‌వో) అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి.

చదువు అయ్యాక 12 నెలల ఓపీటీలో సొంత వ్యాపారం చేసుకోవచ్చు. షరతులు: అది డిగ్రీకి సంబంధించినదై ఉండాలి, కావలసిన లైసెన్సులు ఉండాలి, పూర్తికాలం చేయాలి. 90 రోజులకి మించి పని లేకుండా ఉండకూడదు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సులకి వచ్చే మరో 24 నెలల పొడిగింపులో మెలిక ఉంది: ఈ-వెరిఫై (ఉద్యోగుల అర్హత సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ)లో ఉన్న యజమాని ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక ఫారం మీద సంతకం పెట్టాలి, మీకు మీరే యజమాని కాలేరు.

అసలు ఆ పొడిగింపు వస్తుందా అన్నది కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉండే సీఐపీ కోడ్ (కోర్సు ఏ విభాగానిదో చెప్పే నంబరు) తేలుస్తుంది. 52.0701 అంటే ఆంత్రప్రెన్యూర్‌షిప్. అది స్టెమ్ జాబితాలో లేదు. 52.1301 మేనేజ్‌మెంట్ సైన్స్, 30.7102 బిజినెస్ అనలిటిక్స్ ఉన్నాయి. ఒకే కాలేజీలో పక్కపక్క కోర్సులకి రెండేళ్ల తేడా వస్తుందన్నమాట. వెబ్‌సైట్‌లో "స్టెమ్" అని రాసి ఉన్నా, మీరు చేరబోయే కోర్సు కోడ్ ఏమిటో అడిగి రాతలో తెచ్చుకోండి.

ఆ తర్వాత? ఈ-2 ఇన్వెస్టర్ వీసా భారత పౌరులకి లేదు, దానికి కావాల్సిన ఒప్పందం అమెరికాతో మన దేశానికి లేదు కాబట్టి. పెట్టుబడి మీద గ్రీన్ కార్డు ఇచ్చే ఈబీ-5కి కనీసం 8 లక్షల డాలర్ల పెట్టుబడి. హెచ్-1బీలో సొంత కంపెనీ ద్వారా దరఖాస్తుకి 2025 జనవరి నిబంధనలు దారి ఇచ్చాయి, కాని లాటరీ తప్పదు. పైగా 2025 సెప్టెంబరు ఉత్తర్వుతో దేశం బయట నుంచి వేసే కొత్త దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజు వచ్చిపడింది. ఈ నియమాలు తరచూ మారతాయి, వెళ్లే ఏడాది మళ్లీ చూసుకోవాలి. మొత్తానికి ఇండియా పాస్‌పోర్టుతో వెళ్లి, అక్కడే చిన్న వ్యాపారం పెట్టి స్థిరపడే తిన్నని దారి ఇప్పుడు లేదు.

అందుకే అమెరికాలో వ్యాపారం చేద్దామని బాబ్సన్ డిగ్రీకి అప్పు చేసి పంపడం మేం సమర్థించం. తిరిగొచ్చి కుటుంబ వ్యాపారం చూసుకుంటాడు, ఖర్చు ఇంటి డబ్బే అంటే అది వేరే సంగతి. అప్పుడు ఆ నాలుగేళ్లు, ఆ పరిచయాలు, ముఖ్యంగా దేశదేశాల వ్యాపార కుటుంబాల పిల్లల స్నేహం, విలువైనవే. విదేశీ విద్యార్థులకి స్కాలర్‌షిప్ ఉంది, కాని కొద్దిమందికే, పోటీ ఎక్కువ. ఎర్లీ డెసిషన్‌లో దరఖాస్తు చేస్తే సీటు వస్తే చేరి తీరాలి. సాయం ఎంతో తెలియకుండా ఆ మార్గంలో వెళ్లొద్దు. ఎర్లీ యాక్షన్‌కి ఆ కట్టుబాటు లేదు.

అమెరికాలోనే స్థిరపడిన తెలుగు కుటుంబాలకి

పిల్లలు పౌరులో, గ్రీన్ కార్డు ఉన్నవారో అయితే పై వీసా గొడవంతా పోతుంది. లెక్క పూర్తిగా మారుతుంది. ఎఫ్ఏఎఫ్ఎస్ఏ అనే ప్రభుత్వ దరఖాస్తు ద్వారా ఫీజు సాయం అడగొచ్చు, చదువుతుండగానే సొంత కంపెనీ నడపొచ్చు. బాబ్సన్ సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే మరో ఆర్థిక వివరాల ఫారం కూడా చూస్తుంది. మోటెలో, గ్యాస్ స్టేషనో, ఐటీ స్టాఫింగ్ కంపెనీయో ఉన్న కుటుంబాలకి ఇక్కడ దెబ్బ తగులుతుంది. ఆ ఫారం ఇంటి విలువ, వ్యాపారం విలువ కూడా అడుగుతుంది. జీతం మీద లెక్కేసుకుని "మాకు సాయం వస్తుంది" అనుకున్నవాళ్లకి వ్యాపారం ఆస్తి చూసి తక్కువ ఇస్తారు. దరఖాస్తుకి ముందే కాలేజీ సైట్‌లోని నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో వ్యాపారం అంకెలు పెట్టి చూడండి.

హెచ్-4 (హెచ్-1బీ ఉన్నవాళ్ల కుటుంబ వీసా) పిల్లలది నడిమధ్య పరిస్థితి. చదువుకోవచ్చు, పని చేయకూడదు, 21 నిండితే ఎఫ్-1కి మారాలి. డిగ్రీ మూడో ఏడాదిలో ఈ మార్పు వచ్చిపడుతుంది. తేదీ ముందే క్యాలెండర్‌లో రాసుకోవాలి.

బాబ్సన్‌కి దగ్గర్లోనే వాల్తామ్‌లో బెంట్లీ యూనివర్సిటీ ఉంది, 1917లో అకౌంటింగ్ స్కూలుగా పుట్టింది. ఇప్పటికీ అకౌంటింగ్, ఫైనాన్స్ దాని బలం. "వ్యాపారం అంటుంది గానీ, నిజానికి మంచి ఉద్యోగమే కావాలి" అనిపించే అమ్మాయికి బెంట్లీ నప్పుతుంది. పిల్లలు ఏం అంటున్నారో కాదు, వేసవి సెలవుల్లో ఏం చేశారో చూసి తేల్చుకోండి. ఏదో ఒకటి అమ్మి డబ్బు సంపాదించి ఉంటే బాబ్సన్ వైపు చూడండి.

ఉన్న రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీ మూడో దారి. స్థానికులకి ఫీజు బాగా తక్కువ. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లకి యూటీ డాలస్ ఉంది. అక్కడి జిందాల్ స్కూల్‌లో ఇన్నోవేషన్, ఆంత్రప్రెన్యూర్‌షిప్ మీద మాస్టర్స్ కూడా ఉంది. ఫీజులో మిగిలే డబ్బు లక్ష డాలర్లు దాటితే, ఆ లక్షే మొదటి వ్యాపారానికి పెట్టుబడి. మా మొగ్గు చాలా కుటుంబాల విషయంలో ఇటే.

ఇండియాలో ఉన్న దారులు

ఇక్కడ వ్యాపారం చేసేవాళ్లు మొదట చూడాల్సింది అహ్మదాబాద్ దగ్గరి భాట్‌లో ఉన్న ఈడీఐఐ, వ్యాపారం పెట్టడం నేర్పే సంస్థ. 1983లో ఐడీబీఐ, ఐఎఫ్‌సీఐ, ఐసీఐసీఐ, స్టేట్ బ్యాంక్ కలిసి పెట్టాయి. రెండేళ్ల పీజీడీఎం (మేనేజ్‌మెంట్ పీజీ డిప్లొమా) సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ అనుమతి ఉన్నదే. నాలుగేళ్ల బాబ్సన్ ఖర్చులో పదో వంతుకి మించదు. పుట్టుక బ్యాంకులది కాబట్టి చదువులోనూ బ్యాంకు వాసన ఉంటుంది: బ్యాంకు మేనేజర్ ముందు పెట్టే ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) రాయడం, యంత్రాల కొటేషన్లు తేవడం, వర్కింగ్ క్యాపిటల్ లెక్క కట్టడం. స్టార్టప్ ఫండింగ్ కథలు కావాలనుకునే పిల్లలకి చప్పగా అనిపించొచ్చు. నూనె మిల్లో, ప్యాకింగ్ యూనిట్టో, రొయ్యల మేత వ్యాపారమో చేతికొచ్చేవాళ్లకి ఇదే పనికొస్తుంది. లోటు: తోటివారి పరిచయాల్లో గుజరాత్, ఉత్తర భారతం పాలు ఎక్కువ, భీమవరం, వరంగల్ మార్కెట్ తెలిసినవాళ్లు తక్కువ దొరుకుతారు.

వ్యాపార బుద్ధి పుట్టుకతో రావాలే గానీ క్లాసులో వస్తుందా అనే వాదన మన దగ్గరే ఒకసారి పరీక్షకి నిలిచింది. 1964లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ కాకినాడ వ్యాపారుల్ని హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్‌కి రప్పించి సాధన ప్రేరణ (ఏదైనా సాధించాలనే తపన) మీద శిక్షణ ఇప్పించాడు. శిక్షణ తీసుకోని రాజమండ్రి లాంటి ఊళ్లతో పోల్చి చూస్తే, కాకినాడ వాళ్లు ఆ తర్వాత కొత్త పనులకి ఎక్కువగా దిగారు. వాళ్లు ఊరు మారలేదు, మార్కెట్ మారలేదు. నేర్చుకుని మళ్లీ అదే బజారుకి వచ్చారు. ఆ సియెట్టే నేటి యూసుఫ్‌గూడ నిమ్స్మే. ఇప్పటికీ అక్కడ చిన్న కోర్సులు నడుస్తున్నాయి.

గచ్చిబౌలి ఐఎస్‌బీ మంచి స్కూలే, 2001 నుంచి ఉంది. కాని ప్రధానమైన ఏడాది కోర్సు, పీజీపీ, రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉన్నవాళ్లకి. ఇచ్చేది డిగ్రీ కాదు, సర్టిఫికెట్. ఫీజు పెద్దది, చాలామంది కన్సల్టింగ్, ప్రొడక్ట్ ఉద్యోగాలకే వెళ్తారు. వ్యాపార కుటుంబాల వాళ్లకి అక్కడ వేరే కోర్సు ఉంది. పీజీపీ బదులు దాని వివరాలు అడగండి. ముంబైలో ఎస్‌పీ జైన్ కుటుంబ వ్యాపార కోర్సు కూడా ఈ కోవదే.

ఇంటర్ అయి కొట్టు మీద కూర్చోవాల్సిన పిల్లలకి ఐఐఎం బెంగళూరు 2024లో తెచ్చిన ఆన్‌లైన్ బీబీఏ ఉంది, డిజిటల్ బిజినెస్, ఆంత్రప్రెన్యూర్‌షిప్ మీద. పొద్దున కొట్టు, రాత్రి పాఠం. క్యాంపస్ స్నేహాలు రావు. క్రమశిక్షణ లేని పిల్లలు రెండో సెమిస్టర్‌లోనే వదిలేస్తారు, కాబట్టి ఇంట్లో ఒకరు వెంటపడాలి. నేరుగా కాలేజీకి వెళ్లే బీబీఏలకి 2024-25 నుంచి ఏఐసీటీఈ అనుమతి తప్పనిసరి అయింది. చేరే ముందు అది అడగాలి.

అసలు కాలేజీ లేకుండా? ఇప్పటికే డిగ్రీ ఉండి, చేతిలో అమ్ముడవుతున్న వస్తువు ఉంటే మేం ముందు ఇదే చెబుతాం. చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ఉచితం, ఆధార్‌తో ఇంట్లోనే అయిపోతుంది. డబ్బులడిగే సైట్లన్నీ దళారులవే. కేంద్రం సబ్సిడీ రుణ పథకం పీఎంఈజీపీలో తయారీకి 50 లక్షలు, సేవలకి 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టొచ్చు, సబ్సిడీ వర్గాన్నీ ఊరినీ బట్టి 15 నుంచి 35 శాతం. ఇది కొత్త యూనిట్లకే. నడుస్తున్న కొట్టు పేరు మార్చి అడిగితే తిరగ్గొడతారు. వస్తువు కొత్త టెక్నాలజీదైతే కేంద్ర శాఖ డీపీఐఐటీ నుంచి స్టార్టప్ గుర్తింపు తీసుకుని, ఇంక్యుబేటర్ (కొత్త కంపెనీలకి చేయూతనిచ్చే కేంద్రం) ద్వారా స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో నమూనా తయారీకి 20 లక్షల దాకా అడగొచ్చు, ఆ పథకం ఇంకా తెరిచి ఉంటే. రాయదుర్గంలో టీ-హబ్ ఉంది, ఆడవాళ్లకైతే వీ-హబ్ ఉంది. టీ-హబ్‌లో అడుగుపెడితే పెట్టుబడి వచ్చేస్తుందనుకోవద్దు. అక్కడ దొరికేది మనుషులు, సలహాలు, కూర్చునే చోటు.

కొత్తగా వెలుస్తున్న "స్టార్టప్ కాలేజీల" సంగతి

"డిగ్రీ పాతబడింది, మా దగ్గర ఫౌండర్లే పాఠాలు చెబుతారు" అంటూ లక్షల ఫీజు తీసుకునే సంస్థలు పెరిగాయి. కొన్నిటిలో పాఠం నిజంగా బాగుంటుంది. అయినా చేరే ముందు పట్టా ఎవరు ఇస్తారో తేల్చుకోవాలి. మన చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు యూనివర్సిటీలకీ, చట్టం ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన ఐఐఎంల లాంటి సంస్థలకే. పీజీడీఎంకి ఏఐసీటీఈ అనుమతి కావాలి. "ఫలానా యూనివర్సిటీతో టై-అప్" అంటే ఆ యూనివర్సిటీ పేరు యూజీసీ జాబితాలో చూడండి, మీ కోర్సు పేరు ఆ యూనివర్సిటీ సొంత సైట్‌లో ఉందో లేదో చూడండి. సంస్థ సైట్‌లో ఉంటే చాలదు. పట్టా లేకపోతే నష్టం వెంటనే తెలియదు. నాలుగేళ్ల తర్వాత మాస్టర్స్‌కో, ప్రభుత్వ ఉద్యోగానికో, బ్యాంకు విద్యారుణానికో వెళ్లినప్పుడు తెలుస్తుంది. విదేశీ పట్టాలకి ఇక్కడ సమానత్వం ఇచ్చే పనిని 2025 నిబంధనలతో యూజీసీ తన చేతిలోకి తీసుకుంది; విదేశీ పట్టా ఇస్తామనే దేశీ సంస్థలని ఈ ప్రశ్నే అడగండి.

ఏ కాలేజీకైనా అడగాల్సినవి, బ్రోషర్‌లో ఉండనివి కొన్ని. మొత్తం సెమిస్టర్ల కోర్సుల పట్టిక తెప్పించుకుని అకౌంటింగ్, కాస్టింగ్, పన్నులు, కాంట్రాక్టు చట్టం ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నాలుగు కూడా లేకపోతే అది ఉపన్యాసాల కాలేజీ. విద్యార్థి వ్యాపారానికి డబ్బిస్తే అది అప్పా, గ్రాంటా, వాటాయా? వాటా అయితే ఎంత, ఎప్పటిదాకా? ఒప్పందం కాపీ చేరక ముందే చూడాలి. చదువు మధ్యలో మానేస్తే ఫీజు ఎంత తిరిగొస్తుంది? ప్లేస్‌మెంట్ శాతం చెబితే, ఎంతమందిలో అని అడగండి. "వ్యాపారం చేస్తున్నాం" అని రాసిచ్చినవాళ్లని లెక్కలోంచి తీసేసి మిగిలినవాళ్లతో 98 శాతం చూపించడం కష్టం కాదు. ఆంత్రప్రెన్యూర్‌షిప్ కాలేజీలో ఆ తీసేసిన సంఖ్యే మీకు కావాల్సింది.

వీటికి జవాబులు అడ్మిషన్ ఆఫీసులో దొరకవు. లింక్డ్‌ఇన్‌లో ఆ కాలేజీ పేరు పెట్టి, మూడేళ్ల క్రితం బయటికొచ్చిన బ్యాచ్‌ని వెతకండి. "ఫౌండర్" అని రాసుకున్నవాళ్లలో పదిమందిని తీసుకుని వాళ్ల కంపెనీ పేరు కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో చూస్తే, అది నడుస్తోందా, పేరు కొట్టేశారా అన్నది ఉచితంగానే తెలుస్తుంది. భాగస్వామ్య సంస్థలు, సొంత పేరు మీద నడిచే కొట్లు అక్కడ కనబడవు. వాటికి జీఎస్టీ నంబరు తెలుసుకుని జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడాలి. ఒక సాయంత్రం పని.